కొప్పులో కత్తి

మా వదిన పోయింది. పొద్దున్న నేను ఒడ్డున కూర్చుని ఉంటే ఆవిడ మనవరాలు నెత్తిన తట్ట లేకుండా ఉత్త చేతులతో వచ్చింది. ఆ పిల్ల ఆ వేళప్పుడు తట్ట లేకుండా నడవడం నేనెప్పుడూ చూడలేదు. దగ్గరికొచ్చి, "తాతా, అమ్మమ్మ లెగట్నేదు" అంది. లేచి ఇసక దులుపుకున్నాను. అప్పటికే తెలిసిపోయింది.

నాకు మాటలు తక్కువ. మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. అక్షరం రాయడం వచ్చు గాని, నలుగురిలో నిలబడి మాట్లాడటం రాదు. దినం నాడు అందరూ ఆవిడ గురించి తలో మాట చెప్పారు. నా వంతు వచ్చేసరికి గొంతు సవరించుకుని కూర్చుండిపోయాను. అందుకని రాస్తున్నాను.

ఒకటి ముందే చెప్పాలి. ఏడుపు రాయాలని కూర్చుంటే పాతపట్నం సంత గుర్తొస్తోంది. వదిన నాకు కత్తి ఏరిపెట్టిన రోజు గుర్తొస్తోంది. అది తలుచుకుంటే ఈ వయసులో కూడా నా కాళ్ళు ఒకచోట నిలవవు. కాబట్టి ఆ రోజు గురించే రాస్తాను. చావు కబురు చెప్పి సంతోషం రాస్తున్నాడేమిటని అనుకోకండి.

అప్పుడు యుద్ధం రోజులు. సముద్రం మీద విమానం చప్పుడు వినబడితే తెప్పలు వెనక్కి తిప్పేసేవాళ్ళం. కిరసనాయిలు దొరకదు, ఇనుము దొరకదు. ఆ రోజుల్లోనే మా అన్నయ్య నీళ్ళలో పోయాడు. యుద్ధం వల్ల కాదు, తాడు వల్ల.

మా తెప్ప అంటే నాలుగు దుంగలు కలిపి కట్టినది. ముందొకరు, వెనకొకరు కూర్చుంటారు. కత్తి మాత్రం ఒకటే. అది మనిషిది కాదు, తెప్పది. పసుపు రాసి, దణ్ణం పెట్టి, ముందు దుంగకి గుచ్చి బయలుదేరతారు. మా తాతల నుంచీ అంతే. మొలలో సొంతంగా కత్తి పెట్టుకుని ఎవరూ చేపల వేటకి వెళ్ళరు. గంగమ్మ తల్లి దగ్గరికి కత్తి పట్టుకుని వెళ్ళడం తప్పని. ఆ రోజు అన్నయ్య వెనక కూర్చుని వల వదులుతున్నాడు. రాళ్ళు కట్టిన తాడు కాలికి చుట్టుకుంది. ముందున్న మా చిన్నాన్న దుంగలో కత్తి పీకి, పాక్కుంటూ వెనక్కి వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు.

ఆ తరవాత అమ్మ నన్ను నీళ్ళలో అడుగు పెట్టనివ్వలేదు. తెప్ప ఇసక మీద ఎండి పగుళ్ళు తీస్తోంది. ఇంట్లో అమ్మ, నేను, వదిన, ఆవిడ చంకలో పిల్ల. వదిన ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని సంతలు తిరిగి తెచ్చినదే అందరి తిండి. నాకు ఇరవై ఏళ్ళు. సముద్రం తప్ప ఇంకో పని తెలీదు. తట్ట దింపుకుని ఆవిడ నొప్పెడుతున్న మెడ పట్టుకుని కూర్చుంటే, చూడలేక నేను పెరట్లోకి వెళ్ళిపోయేవాణ్ణి.

మా వైపు ఆడవాళ్ళందరిలాగే వదిన కూడా అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లో పెట్టుకునేది. ఏదైనా ఆలోచిస్తున్నంతసేపూ చుట్ట నోట్లోనే ఉండేది, పెదవుల సందుల్లోంచి పొగ మాత్రం వచ్చేది. బయటికి తీసిందంటే ఆలోచన తేలిపోయినట్టే. ఇంక ఆవిడ మాట మార్చడం ఎవరి వల్లా కాదు.

ఒక మధ్యాహ్నం చుట్ట తీసింది.

"అత్తా, సిన్నోడు యేటకి ఎల్తాడు" అంది.

"నా ఒంట్లో ఊపిరుండగా ఎల్లడు" అంది అమ్మ.

"ఎల్తాడు. ఆడి కత్తి ఆడి ఒంటి మీదుంటాది. అలగైతేనే ఎల్తాడు."

"తెప్పకి కత్తి ఉన్నాది కదే."

"తెప్పకి ఉన్నాది. నీ పెద్దకొడుక్కి నేకపోయింది."

అమ్మ మెల్లిగా, "మొలలో కత్తెట్టుకుని గంగమ్మ మీదకి ఎల్తారేటే ఎవలైనా?" అంది.

"గంగమ్మ మీదకి కాదత్తా, తాడు మీదకి. తాడు మనం పేనిందే కదా."

"ఏ కత్తి తెత్తావో తే. నాను సూత్తాను. నా మనసుకి ఎక్కకపోతే ఆ తెప్ప సీరేసి పొయ్యిలో ఎట్టేత్తాను" అంది అమ్మ.

అలా మేమిద్దరం నౌపడలో చిన్న రైలెక్కాం. పాతపట్నం సంతకి. రైలెక్కడం నాకు అదే మొదలు. కిటికీ దగ్గర నిలబడితే ముఖానికి బొగ్గు నలకలు కొడుతున్నా లోపలికి రాబుద్ధి కాలేదు. వదిన తట్ట కాళ్ళ మధ్య పెట్టుకుని కింద కూర్చుంది. ఎదురుగా పొగాకు మూటతో ఒక షావుకారు. ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏటమ్మా ఈ కంపు" అన్నాడు.

"సావుకారూ, తమరి పొగాకు ఘాటుకి నాను తుమ్ముతన్నానేటి? ఊరుకోనేదేటి?" అంది వదిన.

ఆయన నవ్వాపుకోలేక ఒక పొగాకు కాడ తీసి ఆవిడ ముందు పడేశాడు. ఆవిడ దాన్ని కొంగుకి ముడేసుకుంది.

దారంతా నాకు పాఠం చెప్పింది. "ఒరే సిన్నోడా, పెద్ద కత్తి సూసి మోజు పడిపోకు. బరువు కత్తి రెండు రోజులు మోత్తావు, మూడోనాడు ఇంటికాడ ఒగ్గీసి ఎల్తావు. తేలిక కత్తి నీతోనే ఉంటాది" అంది. కాసేపాగి, "కత్తి ఒంటి మీదుంటే ఉన్నట్టు తెల్వకూడదు. నేకపోతే తెల్వాల" అంది.

సరే అన్నాను. కాని సంతలో అడుగు పెట్టగానే మోజు పడిపోయాను.

కమ్మరులు వరసగా కూర్చున్నారు. కొడవళ్ళు, గొడ్డళ్ళు, మచ్చుకత్తులు ఎండకి మెరుస్తున్నాయి. ఆ వరస చివర ఒకడి దగ్గర పర్లాకిమిడి కొమ్ముపిడి వేసిన మడతకత్తులు ఉన్నాయి. నల్లటి కొమ్ము, ఇత్తడి మేకు, పిడి కొసన చేప తల. కన్ను కూడా చెక్కాడు. వాడు బొటనవేలి గోరుతో అలా తీస్తే టక్కున తెరుచుకుంది. నా గుండె కూడా అలాగే అయింది. "భలొ కత్తి బాబూ, భలొ కత్తి" అని ఒడియా కలిపి వాడు నా చేతిలో పెట్టబోయాడు. వదిన అడ్డం చెయ్యి పెట్టి, "కింద ఎట్టు" అంది. వాడు కింద పెడితే నేను తీసుకున్నాను. తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను. వదిన చుట్ట నోట్లో పెట్టుకుని చూస్తోంది.

"బాగున్నాదా?" అంది.

"బాగున్నాదొదినా."

"సెయ్యి సాపు."

చాపాను. తట్టలోంచి ఒక ఎండు కవలచేప తీసి నా అరచెయ్యంతా రుద్దింది. తెచ్చుకున్న పిడతలోంచి దాని మీద నీళ్ళు పోసింది. నా రెండో చెయ్యి పట్టుకుని వెనక్కి విరిచింది.

"ఇప్పుడు తియ్యి. ఒంటిసేత్తో. నువ్వు నీల్లలో ఉన్నావు. తియ్యి."

గోరు జారింది. మళ్ళీ జారింది. ఆ కొమ్ముపిడి కూడా నూనెలో మునిగిన ముంజెలా నా చేతిలోంచి జారి నేల మీద పడింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు విరగబడి నవ్వారు.

"అది వక్కలు కోసుకునే కత్తమ్మా" అన్నాడు కొమ్ము కత్తుల వాడు, చిన్నబుచ్చుకుని.

"మరైతే ఈడు సముద్రంలో వక్కలు కోత్తాడేటి నాయినా?" అంది వదిన.

అక్కణ్ణించి నేను ఏ కత్తి చూపించినా వదిన ఏదో ఒక వంక పెట్టింది. ఇది బరువు. దీనికి పిడి పొడుగు, మొలలో పొట్టకి గుచ్చుకుంటుంది. దీని మొన మరీ సూది, తెప్ప ఊగితే నిన్నే పొడుస్తుంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. అమ్మ అన్న మాట గుర్తొచ్చి నాకు భయం మొదలైంది. ఉత్త చేతులతో వెళ్తే తెప్ప నిజంగానే పొయ్యిలోకి పోతుంది.

అప్పుడు చింతపండు దగ్గర ఆగాం. కొండ మీద నుంచి దిగిన ఆడమనిషి ఒకామె అమ్ముతోంది. మూటకి కట్టిన నార విప్పడానికి ముడి రాలేదు. ఆమె తల కూడా తిప్పకుండా చెయ్యి వెనక్కి పోనిచ్చి, కొప్పులోంచి వేలెడంత కత్తి తీసి, నార తెంపి, మళ్ళీ కొప్పులో దోపుకుంది. రెప్పపాటు పని.

వదిన నోట్లో చుట్ట ఆగిపోయింది. పొగ కూడా రాలేదు.

వదిన ఆమె పక్కన చతికిలబడింది. ఆమె భాష ఈవిడకి రాదు, ఈవిడ భాష ఆమెకి రాదు. చేతులతోనే అడిగింది. ఆమె నవ్వి కత్తి తీసి నేల మీద పెట్టింది. సన్నటి కత్తి, కొస కొంచెం వంపు. చెక్క పిడికి బిగించి చుట్టిన సన్న తాడు. మడత లేదు, మేకు లేదు. వదిన దాన్ని వాసన చూసింది. నా ముక్కు దగ్గర పెట్టింది. తలనూనె వాసన.

చదివేవాళ్ళకి ఇందులో గొప్పేముందని అనిపించవచ్చు. మా ఊరి ఉప్పుగాలికి ఇనుము బతకదు. మేకు కొడితే నెల తిరిగేసరికి గుల్ల. చిన్న కత్తి అయితే మరీ తొందరగా తినేస్తుంది. ఈ కత్తి మీద తుప్పు మచ్చ లేదు. రోజంతా నూనె కొప్పులో ఉంటుంది కదా.

వదిన చుట్ట తీసింది.

"ఇది, సిన్నోడా" అంది. "ఇలాటిది సేసేవోడెక్కడున్నాడో ఎతుకు."

సంతంతా పరిగెత్తాను. నిజంగా పరిగెత్తాను. ఎవరితోనూ మాట్లాడటం చేతకానివాణ్ణి, కనబడ్డ ప్రతివాణ్ణీ అడిగాను. సంత చివర ఈతాకు పందిరి కింద ఒక ముసలి కమ్మరి దొరికాడు. పాత బండిచక్రాల పట్టాలు కోసి ఈ చిన్న కత్తులు చేస్తాడు. గోనె మీద కుప్పగా పోసి ఉన్నాయి.

"ఇవి ఆడోల్ల కత్తులు. ఈ గుంటడికెందుకమ్మా?" అన్నాడు.

"తాడుకి ఆడేటి, మగేటి" అంది వదిన.

ఇంక ఆవిడ పరీక్ష మొదలైంది. ఒక కత్తి కొప్పులో దోపింది. తట్ట నెత్తిన పెట్టుకుంది. "నా ఎనకాల నడు. కొప్పు జారితే సెప్పు" అంది. సంత మధ్యలోంచి ఆవిడ ముందు, నేను వెనక. నా కళ్ళు ఆవిడ కొప్పు మీద. బెల్లం దుకాణాల దాకా వెళ్ళేసరికి, "జారిందొదినా" అన్నాను. వెనక్కి వచ్చి ఇంకోటి దోపింది. అది పందిరి దాటకుండానే జారింది. మరోటి. ఇంకోటి. దుకాణాల వాళ్ళు పని మానుకుని చూస్తున్నారు. ఒకడు, "ఓలమ్మా, ఊరేగింపేటి?" అని కేకేశాడు. వదిన వినిపించుకోలేదు. ఒక కత్తి పెట్టుకుని బెల్లం దుకాణాలు దాటింది, బట్టల వాళ్ళని దాటింది, కూర్చుంది, లేచింది, నాలుగడుగులు పరిగెత్తింది. కొప్పు కదల్లేదు.

"జారిందేట్రా?"

"నేదొదినా. జారనేదు."

అప్పుడు కొంగులోంచి మా వల తాడు ముక్క తీసింది. ఇంటి దగ్గర నుంచే తెచ్చింది. నీళ్ళలో నానబెట్టింది. తడి జనపతాడు ఎండుదాని కంటే మొండి. నా కాలికి, చీలమండ దగ్గర, చుట్టేసి రెండో కొస తన చేతికి చుట్టుకుంది. కత్తి నా ముందు నేల మీద పెట్టింది. నా చేతికి మళ్ళీ చేప రుద్దింది.

"నాను లాగుతాను. నువ్వు కొయ్యి" అంది.

లాగింది. తట్టలు మోసిన చేతులవి. నా కాలు నేల మీద జరుక్కుపోయింది. కత్తి తీసుకున్నాను. తాడు చుట్టిన పిడి కదా, చేపనూనెకి కూడా జారలేదు. ఒక్క గీత గీశాను. తెగింది. తెగేసరికి లాగుతున్న వదిన వెనక్కి దభీమని కూలబడింది. తట్ట దొర్లింది. చేపలన్నీ దుమ్ములో.

నేను ఆవిణ్ణి లేపబోయాను. ఆవిడ మాత్రం ఆ దుమ్ములోనే కూర్చుని నవ్వడం మొదలెట్టింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అన్నయ్య పోయాక ఆవిడ నవ్వు నేను వినడం అదే. ముసలి కమ్మరి కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. చేపలు ఏరుతూ నవ్వాం.

ఆ తట్టెడు చేపలూ ఇచ్చి కత్తులు తీసుకున్నాం. నాకొకటి, ఆవిడకొకటి. కమ్మరి చేతికివ్వలేదు, గోనె మీద పెట్టాడు. ఆవిడ నాకు చేతికివ్వలేదు, నేల మీద పెట్టింది. "కత్తి సేతికీ సేతికీ ఇస్తే తగువొస్తాది. నీకూ నాకూ తగువేల?" అంది. తనది కొప్పులో దోపుకుని నా తల వంక చూసింది. నేను కొత్తగా క్రాపు కొట్టించుకున్నాను.

"జుట్టు నేనోడివి, నువ్వెక్కడ ఎడతావురా?"

చిన్న వెదురు గొట్టంలో పెట్టి మొలతాడుకి, బొడ్డు దగ్గర కట్టింది. ఏ చెయ్యైనా అందాలని. రైల్లో ఆ పొగాకు కాడ తన కత్తితో కోసి చుట్ట చుట్టుకుంది. నేను దారంతా బొడ్డు దగ్గర తడుముకుంటూనే ఉన్నాను. ఉందో లేదో తెలియడం లేదు. అదే నా ఆనందం.

ఇంటికెళ్ళి అమ్మ ముందు నేల మీద పెట్టాను. అమ్మ తీసి అటూ ఇటూ తిప్పింది.

"ఇదేటే, సేప ముల్లంత ఉన్నాది" అంది.

"ముల్లు గొంతులో ఇరుక్కుంటే తెల్దేటత్తా, ఎంత బలమో" అంది వదిన.

అమ్మ లోపలికి వెళ్ళింది. తెప్ప కత్తికి రాసే పసుపు గిన్నె తెచ్చింది. నా కత్తికి రాసింది. నేను తెప్ప దగ్గరికి పరిగెత్తాను.

ఒడ్డున మగవాళ్ళు ఊరుకుంటారా. "ఒరే, ఈడు ఒదిన కొప్పులో సూది పట్టుకొచ్చీసినాడ్రా" అని ఒకడు. "జడకుప్పెలు కూడా ఎట్టుకోరాదేటి బావా" అని ఇంకొకడు. నేను వల సర్దుకున్నాను.

ఇంటికి రాగానే కత్తి గడప దగ్గర పెట్టేవాణ్ణి. వదిన తీసి, కొప్పు మీద అరచెయ్యి రాసి, జుట్టుకి పెట్టుకున్న ఆముదంతో కత్తి తుడిచి అక్కడే పెట్టేది. పొద్దున్న వెళ్ళేటప్పుడు ఒకటే మాట: "తాడు కోసీ. వల మళ్ళీ అల్లుకుందాం." వల పోతుందని నేను ఆలోచిస్తూ ఉండిపోతానని ఆవిడ భయం. తాడు కొయ్యమని చిన్నాన్నని కేకెయ్యడానికి అన్నయ్య అలా ఆలోచించాడేమో అని ఆవిడ ఎప్పుడూ అనలేదు. నేనే అనుకున్నాను.

ఆ చలికాలంలో ఒకనాడు తాడు నా కాలికి పడింది. వెనక నేను, ముందు చిన్నాన్న. కేక వెయ్యడానికి కూడా వ్యవధి లేదు. నీళ్ళలోకి పోయాక ఏమీ వినబడదు, చెవుల్లో బరువు ఒక్కటే. చెయ్యి దానంతటదే బొడ్డు దగ్గరికి పోయింది. తాడు లాగుతుంటే సంతలో వదిన లాగుతున్నట్టే ఉంది. గీశాను. పైకొచ్చి దుంగ పట్టుకునేసరికి చిన్నాన్న తెప్ప కత్తి చేత్తో పట్టుకుని, సగం దూరం పాకి ఉన్నాడు. నన్ను చూసి అక్కడే బోర్లా పడుకుండిపోయాడు. "నువ్వేనేట్రా, ఒరే, నువ్వేనేట్రా" అంటున్నాడు.

ఒడ్డున వదిన తెప్ప చూసింది, నా కాలు చూసింది. తాడు ఒరుసుకున్నచోట రక్తం.

"ఒదినా, వల పోయింది" అన్నాను.

"కత్తి ఉందా?"

"ఉంది."

"మరేటి" అంది. తట్ట ఎత్తుకుని ముందు నడిచింది. కొంగుతో ముఖం తుడుచుకోవడం వెనక నుంచి చూశాను.

తరవాతి సంత రోజుకి మా వీధిలో మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు. జడకుప్పెలు పెట్టుకోమన్నవాడే ముందు వచ్చాడు. "అప్పా, నాకూ ఒకటి సూసి తేవా" అని నేల చూపులు చూశాడు. "నీకు జడకుప్పెలు కూడా తేనేటి బాబూ?" అంది వదిన. వాడు కూడా నవ్వాడు. ఆ ఏడాది ఆవిడ ఎన్నిసార్లు పాతపట్నం వెళ్ళిందో, ఎన్ని కత్తులు కొప్పులో పెట్టుకుని నడిచిందో లెక్క లేదు. మా ఒడ్డున మొలలో ఉన్న ప్రతి కత్తీ ఒకసారి ఆవిడ కొప్పులో ఉండి వచ్చినదే. ఇవాళ ఎవరూ దాన్ని వింతగా చూడరు. కత్తి లేకుండా తెప్ప ఎక్కేవాణ్ణే వింతగా చూస్తారు.

ముసలితనంలో వదిన జుట్టు పలచబడింది. కొప్పు నిమ్మకాయంత అయింది. నూరి నూరి కత్తి కూడా సన్నబడింది. ఒకదానికొకటి సరిపోయాయి. చివరిదాకా దానితోనే పొగాకు కోసుకుంది, వల తెగితే సవరించింది, మనవరాలికి మామిడికాయ ముక్కలు తరిగింది.

పోయాక ఆవిడకి స్నానం చేయిస్తున్నప్పుడు ఆడవాళ్ళు కొప్పు విప్పారు. కత్తి దొరికింది. ఒకామె తెచ్చి నా ముందు ఇసకలో పెట్టింది. నేను తియ్యలేదు. చూస్తూ కూర్చున్నాను. ఎండలో నూనె మెరుస్తోంది, ఒక్క తుప్పు మచ్చ లేదు. ఆఖరికి మనవరాలిని పిలిచి, "తీసుకోవే" అన్నాను. వంగి తీసుకుంది.

దినం అయిన మర్నాడు పొద్దున్న ఆ పిల్ల చేపలకి వచ్చింది. తట్ట నింపుకుంది. జుట్టు బిగించి ముడేసుకుని, అందులో ఆ కత్తి దోపుకుంది. తట్ట ఎత్తమంటే ఎత్తాను. నాకేం తోచిందో, వెనకాలే నడిచాను. ఇసక దిబ్బల దాకా వెళ్ళాక వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఏటి తాతా, ఎనకాలే వస్తన్నావు? జారిందేటి?"

"నేదమ్మా" అన్నాను. "నడు."

నడిచింది. నేను కొప్పే చూస్తూ వెనక నడిచాను.